పాత షీటులో సింతలరేవు

మా మ్యాపుల గదికి కిటికీ ఉండేది కాదు. సముద్రపు గాలి తగిలితే కాగితం ఉబ్బుతుందని ఎవరో పెద్దాయన దాన్ని ఇటుకలతో మూయించేశాడట. అయినా గాలి తలుపు సందులోంచి వచ్చేది, కాగితం ఉబ్బేది. విశాఖపట్నంలో ఉప్పుగాలిని ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

ఆ గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. మాది కృష్ణా జిల్లా. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం రావడంతో గాజువాకలో కాపురం పెట్టాం. తరవాత నాకు ఒక పెద్ద కర్మాగారం సర్వే విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పని దొరికింది. ఆడవాళ్లు చేసినా ఆ ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మనే. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోను తెరిస్తే ఊరూ, ఏరూ, రైలు పట్టా అన్నీ వేలి కింద కనిపిస్తాయి. మాకు గుడ్డ అంటించిన పాత షీట్లు ఉండేవి. ఊళ్లు చిన్న చిన్న ఎర్ర చదరాలు. ఏరు నీలం. కొండలు గోధుమరంగు గీతలు, ఉంగరంలో ఉంగరం. ఒక్కో ప్రాంతానికి రెండు తరాల షీట్లు ఉండేవి. రైలు మార్గం పడకముందు సర్వే చేసినవి కొన్ని, పడ్డాక చేసినవి కొన్ని. రెండూ పక్కపక్కన పరిస్తే, మధ్యలో మనుషులకి ఏం జరిగిందో కొంచెం ఊహించుకోవచ్చు. ఆ ఊహ ఎంత తప్పు కావచ్చో నాకు తొంభైల చివర ఒక ఎండాకాలంలో తెలిసింది.

మా కర్మాగారానికి నీళ్లు చాలక, ఆనందపురం దాటి ఉత్తరంగా వెళ్తే వచ్చే ఒక ఏటి నుంచి గొట్టం వేయాలని నిర్ణయించారు. ఆ ఏటి మీద పాత రైలు వంతెన ఉంది. వంతెన పక్కన, పల్లపు ఒడ్డు మీద ముప్పై నలభై గడపల పేట ఉంది. గొట్టం సరిగ్గా ఆ పేట మీదుగా పోవాలి. ఆ ఇళ్లవాళ్లు రైలు మార్గం కంటే ముందునుంచీ అక్కడి ఊరివాళ్లని తేలితే వేరే చోట ఇళ్ల స్థలాలు ఇవ్వాలి. తరవాత వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లయితే ఏమీ ఇవ్వనక్కర్లేదు, ఖాళీ చేయించడమే. వాళ్ల దగ్గర కాగితం ముక్క లేదు. ఒకప్పటి వరదలో అన్నీ పోయాయన్నారు. అందుకని పాత మ్యాపులు చూసి చెప్పమని మా విభాగాన్ని అడిగారు.

పని నాకూ, మా సీనియర్‌గారికీ పడింది. ఆయన ఈ ప్రాంతం మనిషే, రైతు కుటుంబం. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం ఉండేది. వానాకాలంలో గది కప్పు కారితే ఇంటి నుంచి తన దుప్పటి తెచ్చి షీట్ల మీద కప్పేవారు. ఒకసారి ఆయన భార్య ఆఫీసుకి వచ్చి దుప్పటి అడిగి పట్టుకెళ్లింది కూడా.

పేట ఉన్న చోటును పాత షీటులో చూశాం. ఉత్త ఇసక చుక్కలు. ఒక్క ఎర్ర చదరం లేదు. మాకు వచ్చిన కాగితంలో పేట పేరు చింతలరేవు అని ఉంది. పాత షీట్లకి ఊళ్ల పేర్ల సూచిక ఉండేది, ఇంగ్లీషు అక్షరాల వరసలో. ఇంగ్లీషులో 'చ' రాయడానికి వాడే 'సి' అక్షరం కింద ఆ పేరు వెతికాం. లేదు. మూడు రకాలుగా అక్షరాలు మార్చి చూశాం. లేదు.

"కనబడలేదు" అని రాసి పంపాం. మా సర్వే ఆఫీసరు సంతకం పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. గొట్టం ఎప్పుడు పడుతుందని పైనుంచి రోజూ అడిగే ఫోనుకి జవాబు చెప్పాల్సిన మనిషి, అంతే.

తరవాత ఏటి గట్టు ఎత్తులు కొలవడానికి మేమిద్దరం జీపులో అక్కడికి వెళ్లాం. ఎండ మండిపోతోంది. వంతెన నీడలో సామాను దించుతుంటే ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. భర్త అదే వంతెన మీద గ్యాంగుమన్‌గా పనిచేసి పోయాడని తరవాత తెలిసింది.

"ఏటమ్మా, మా ఊరు మీ కాగితంలో నేదంటన్నారట?" అంది.

"మేం చూసినంతలో లేదు పెద్దమ్మా" అన్నాను.

"నేకపోడమేటి? మా మాంగారు ఇక్కడ పడవ తోసీవోరు. అటోళ్లు ఇటూ, ఇటోళ్లు అటూ మా పడవ మీదే దాటాలి. ఇనప వంతెనొచ్చినాక పడవెక్కీవోడు నేకపోనాడు. అప్పుడు మా మగోళ్లంతా వంతెన పన్లో సేరిపోనారు. పనికి దగ్గిరని ఇళ్లు కూడా ఇటేపు ఏసుకున్నారు."

"అంటే ముందు ఇక్కడ లేరా?" అని సీనియర్‌గారు అడిగారు.

"నేం బాబూ. ఆ పైన. నాను కొత్తకోడలిగా వొచ్చినప్పుడు ఇంకా సగం ఇళ్లు అక్కడే ఉండీవి. అక్కడ నూతి నీరే మోసినాను. పెద్ద గాలివాన వొచ్చిన ఏడాది ఏరు దాన్ని ఇసకతో కప్పీసినాది. ఎక్కడంటే ఏటి సెప్తాను? ఏరే సోటు మారిపోనాది. నా కళ్లూ పోనాయి."

ఆమె కర్ర ఎత్తి చూపించింది. ఆ దిక్కున నువ్వుచేలు, సరుగుడు తోపు, వాటి వెనక మూడు కొండలు తప్ప ఏమీ లేవు. "సింతలరేవు ఎవుల్నడిగినా సెప్తారు" అంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సిటీ బస్సులో గాజువాక వస్తున్నాను. నిలబడే చోటు కూడా లేదు. కండక్టరు తలుపు కొట్టి, "సినగంట్యాడ, సినగంట్యాడ దిగాలి!" అని అరిచాడు. ఆ కేక నేను కొన్నేళ్లుగా రోజూ వింటున్నదే. బోర్డు మీద చినగంట్యాడ అని ఉంటుంది, నోట్లో సినగంట్యాడ. కాపురానికి వచ్చిన కొత్తలో అది విని మా ఆయనా నేనూ నవ్వుకున్నాం కూడా. ఆ రోజు మాత్రం ఆ మొదటి అక్షరం దగ్గరే నా చెవి ఆగింది. ఆ ముసలామె అన్నది చింతలరేవు కాదు, సింతలరేవు. చదువుకున్న మనిషెవరో కాగితం మీద దాన్ని 'చ'గా దిద్దాడు. నేనూ విన్నప్పుడు చెవిలోనే దిద్దుకున్నాను. కానీ అంత పాత రోజుల్లో గుర్రమెక్కి వచ్చి ఈ షీటు గీసిన ఇంగ్లీషు దొరకి తెలుగు దిద్దే శక్తి ఎక్కడిది? విన్నది విన్నట్టు రాసుకుని ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే తాళాలు తీయించి సూచికలో 'ఎస్' అక్షరం కింద చూశాను. సింతల్‌రేవు. పక్కనే షీటు నంబరు. అది మేం చూసిన షీటు కాదు, దాని పక్క షీటు. ఏటి వంపు షీటు అంచు దాటి అటు పడింది. లాగి పరిచాను. రైలు గీత లేని కాగితం. నీలం వంపు, దాని పక్కన గుప్పెడు ఎర్ర చదరాలు, ఒక నీలం చుక్క, అంటే నుయ్యి. ఏటి మధ్య చిన్న అక్షరాల్లో పడవ రేవు అని ఇంగ్లీషులో ఉంది.

సీనియర్‌గారు వచ్చేసరికి నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆయన షీటు చూసి, లవంగం నోట్లో అటు నుంచి ఇటు మార్చి, "ముసిల్ది నిజమే సెప్పినాది" అన్నారు. ఆఫీసులో ఆయన పుస్తకం భాషే మాట్లాడేవారు. ఆశ్చర్యం వేస్తే మాత్రం ఊరి మాట బయటికి వచ్చేది.

ఇద్దరం ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లాం.

"నోట్ పంపేశాం కదమ్మా" అన్నారాయన.

"పంపాం సార్. కనబడలేదని రాశాం. ఇప్పుడు కనబడింది."

ఆయన షీటు తనవైపు తిప్పుకున్నారు. "ఇది అవతలి ఒడ్డున ఉంది. వాళ్లున్నది ఇవతలి ఒడ్డు. ఈ ఊరూ ఆ పేటా ఒకటేనని ఎలా చెప్తారు?"

"ఏరు మారి ఉంటుంది సార్. పాత నుయ్యి దొరికితే తెలిసిపోతుంది" అన్నారు సీనియర్‌గారు.

"దొరక్కపోతే?"

ఆయన బల్ల సొరుగులోంచి బీపీ మాత్ర తీసి వేసుకున్నారు. "విచారణ ఎల్లుండి. రెవెన్యూ ఆఫీసరు ఏటి దగ్గరికే వస్తున్నారు. మీ సర్వే బల్లా, మ్యాపూ తీసుకుని రండి. నవ్వులపాలైతే ముగ్గురం కలిసే అవుదాం" అన్నారు. ఆ 'ముగ్గురం' అన్న మాటకి ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

విచారణ రోజు పేటంతా ఏటి ఒడ్డుకి వచ్చింది. రెవెన్యూ ఆఫీసరు నడివయసు మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని జీపు దిగారు. ముందు ముసలామెని అడిగారు, ఆ నుయ్యి ఎలా ఉండేదని. ఆమె ఆలోచించలేదు. "ఇటికిల నూయి బాబూ. ఒకేపు మాత్రం నల్ల రాయి. సేంతాడు లాగీ లాగీ ఆ రాయికి గాళ్లు పడిపోనాయి. ఆ గాళ్లలో సేతి ఏళ్లు నాలుగూ పట్టీవి" అంది. ఆఫీసరు ఆ మాట అందరి ముందూ తిరిగి చెప్పించి రాయించుకున్నారు.

ఇక మా వంతు. మూడు కాళ్ల బల్ల వేసి, దాని మీద పాత షీటు నకలు బిగించాం. ఏరు మారుతుంది, ఊరు మారుతుంది, కొండలు మాత్రం వలసపోవు. మూడు కొండల శిఖరాలకీ గురి చూసి గీతలు గీస్తే మనం నిలబడ్డ చోటు కాగితం మీద ఎక్కడో తెలుస్తుంది. అక్కడి నుంచి నుయ్యి ఎటు, ఎంత దూరమో కొలవాలి. అలా కొలుచుకుంటూ వెళ్లి ఒక నువ్వుచేను అంచున ఆగాం. పేట కుర్రాళ్లు గునపాలతో దిగారు. నడుం లోతు తవ్వారు. ఇసక. ఇంకొంచెం తవ్వారు. తడి ఇసక.

రెవెన్యూ ఆఫీసరు గడియారం చూసుకున్నారు. ఒకావిడ బిడ్డని భుజం మీద వేసుకుని మావైపు చూస్తోంది. ఆ చూపు ఎదురుగా నిలబడలేక నేను మ్యాపు మీదికి వంగాను. అప్పుడు, ఏదో ఒకటి చేయాలని, నకలు అడుగున దిగిన పాత షీటు కొలబద్ద మీద నా స్టీలు స్కేలు పెట్టాను. రెండూ కలవలేదు. మ్యాపు అంగుళం నా అంగుళం కంటే పొడుగ్గా ఉంది.

"సార్, షీటు సాగింది!" అన్నాను.

సీనియర్‌గారు స్కేలు లాక్కున్నంత పని చేశారు. అడ్డంగా కొలిచారు, నిలువుగా కొలిచారు. అడ్డంగా ఎక్కువ సాగింది, నిలువుగా తక్కువ. ఇన్నేళ్ల ఉప్పుగాలి, గుడ్డా జిగురూ కలిసి చేసిన పని. మేం దాన్ని ఉన్నదున్నట్టు నకలు తీశాం. ఆయన నేల మీదే కూర్చుని లెక్క మళ్లీ కట్టి, కొత్త చోటు వైపు నడవడం మొదలుపెట్టారు. మేం వెనకే.

ఆ దారిలో చేను రైతు నిలబడి ఉన్నాడు. పేటకి ఏ సంబంధమూ లేని మనిషి, తమాషా చూడటానికి వచ్చాడు. మేం తనవైపు వస్తున్నకొద్దీ అతని మొహం మారిపోవడం నేను చూశాను.

సీనియర్‌గారూ చూశారు. "ఏటి బావా, ఇక్కడేదైనా ఉందేటి?" అని మెల్లగా అడిగారు.

"నాకేటి తెలుస్తాది బావా" అని అతను నేల చూపులు చూశాడు. బొటనవేలితో మట్టి గీకుతూనే, "సెప్తే నా సేను పట్టుకుపోతారు" అన్నాడు.

రెవెన్యూ ఆఫీసరు ముందుకి వచ్చారు. "గొట్టం వంతెన పక్కనుంచి పోతుంది. నీ చేను జోలికి ఎవరూ రారు. ఇంతమంది ముందు మాటిస్తున్నాను."

అతను ఒకసారి ముసలామె వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు, ఎండలోకి ఊరికే చూస్తోంది. అతను పది అడుగులు పక్కకి నడిచి కాలితో నేల తట్టాడు. "దుక్కి దున్నినప్పుడల్లా ఇక్కడ కర్రు టంగుమంటాది. మా బాబు నాటి నించీ ఇక్కడ నాగలెత్తి దాటించీడమే. ఏటుందో నానెప్పుడూ సూడనేదు."

సీనియర్‌గారి లెక్క ప్రకారం నుయ్యి పడాల్సిన చోటు అక్కడికి నాలుగు బారల దూరంలో ఉంది. పాత షీటుకి అంతకంటే న్యాయం ఎవరూ చేయలేరు.

మోకాలి లోతులోనే ఇటుక తగిలింది. తరవాత ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, వంపు తిరుగుతూ. వొర సగం బయటపడేసరికి గునపం ఖంగుమంది. నల్ల రాయి. మట్టి తుడిచారు. రాయి అంచున నున్నగా అరిగిన గాళ్లు నాలుగు.

ముసలామెని ఇద్దరు పట్టుకుని దింపారు. ఆమె చేత్తో తడిమి చూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ గాళ్లలో పెట్టుకుంది. ఏడవలేదు. "ఓలమ్మ, ఎంత నీరు తోడినామే" అంది, ఎవరో పాత స్నేహితురాలితో అన్నట్టు. ఆ తరవాత పేటవాళ్లు ఎంత గోల చేశారంటే వంతెన మీద పోతున్న గూడ్సు బండి గార్డు కూడా చెయ్యి ఊపాడు.

నుయ్యికి తూర్పున పల్లంగా పొడుగునా ఒక పాత వాగులాంటి గుంట ఉంది. అదే ఒకప్పటి ఏరు. ఊరు ఉన్నచోటే ఉంది, ఏరే దాన్ని అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకి మార్చేసింది. మా ఆఫీసరుగారు తన చేత్తోనే పాత నోటు మీద సవరణ రాశారు. రాసి, పేటవాళ్లు ఇచ్చిన తాటిముంజెలు జీపు బానెట్ మీద పెట్టుకుని తిన్నారు. ఆ మనిషి అలా తినడం నేను మళ్లీ చూడలేదు.

స్థలాలు వెంటనే రాలేదు. ఇలాంటివి వెంటనే రావు. కానీ వచ్చాయి. ఎక్కడ ఇవ్వాలో చెప్పమని మమ్మల్నే అడిగారు. పేటవాళ్లు ఏటికి దగ్గరగా పల్లంలో కావాలన్నారు. చేపలకీ, బట్టలకీ అదే వీలు. సీనియర్‌గారు ఒప్పుకోలేదు. "రెండు షీట్లలో ఏరు రెండు చోట్ల ఉందంటే, ఆ మధ్యనున్న పల్లమంతా దాని దారేనమ్మా. ఎప్పుడైనా మళ్లీ అటు నడవొచ్చు" అని, కొండ పాదాన మెట్ట నేల చూపించారు. ముసలామె ఆయన్ని అందరి ముందూ తిట్టింది. "అంత మెట్ట మీదకి నీరెవుడు మోత్తాడు, నువ్వొచ్చి మోత్తావేటి?" ఆయన నవ్వి ఊరుకున్నారు. మా కర్మాగారమే అక్కడికి ఒక కుళాయి గొట్టం వేసేదాకా ఆమె కోపం తగ్గలేదు.

తరవాత కొన్నేళ్లకి, రెండువేల సంవత్సరం దాటాక, కార్తీకంలో పెద్ద వాయుగుండం పట్టింది. వాన మూడో రోజుకి తెరిపిచ్చింది. పొద్దున్న రేడియోలో ఆ ఏటి పేరు చెప్పారు. పల్లపు ఊళ్లు మునిగాయన్నారు. మా ఆయన ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేశాను. సీనియర్‌గారు అప్పటికి రిటైరయ్యారు. ఫోను చేశాను. ఆయన అప్పటికే చొక్కా వేసుకుని ఉన్నారు.

ఆనందపురం దాకా బస్సు నడిచింది. అక్కణ్నించి షేరు ఆటో కొంత దూరం, తరవాత నడక. దారంతా కూలిన చెట్లు, పడ్డ స్తంభాలు. వంతెన కనబడింది, నిలబడే ఉంది. పాత పేట ఉన్న ఒడ్డు మాత్రం లేదు. గట్టు లేదు, చెట్లు లేవు, ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. మా గొట్టం కాంక్రీటు దిమ్మెలు రెండు పక్కకి ఒరిగి ఉన్నాయి. సీనియర్‌గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆయన ఎప్పుడూ అలా పట్టుకునే మనిషి కాదు.

తల తిప్పి కొండ పాదం వైపు చూశాం. మెట్ట మీద వరసగా ఇళ్లు. రెండు మూడింటి కప్పులు ఎగిరిపోయినట్టున్నాయి. కానీ పొగ లేస్తోంది. ఒక పొయ్యి కాదు, చాలా పొయ్యిల పొగ. పిల్లలు బురదలో ఆడుకుంటున్న కేకలు అంత దూరానికీ వినబడుతున్నాయి. నేను ఆ బురద గట్టు మీదే కూర్చున్నాను. సీనియర్‌గారు జేబులో లవంగం కోసం వెతుక్కుంటున్నారు, దొరకడం లేదు, నవ్వుతున్నారు.

పైకి ఎక్కాం. ముసలామె గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని ఉంది. చూపు పూర్తిగా పోయింది. మా గొంతులు విని గుర్తుపట్టింది.

"మొన్న రేత్రి ఏరు మమ్మల్ని ఎతుక్కుంటా వొచ్చినాదమ్మా" అంది. "మేం అక్కడ నేం."

అని గట్టిగా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె చెయ్యి చాచి నా చెయ్యి దొరకపుచ్చుకుని, "ఏటి తల్లీ, సేతులింత సల్లగున్నాయి? పొద్దున్నించీ ఏటీ తిన్నేదేటి?" అని కోడల్ని కేకేసింది.

వేడి అన్నం, ఎండుచేపల పులుసు. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.